టెక్సాసా, న్యూజెర్సీయా, కాలిఫోర్నియానా? పన్ను రేటు ఒక్కటే చూసి ఇల్లు మారకండి

"అన్నా, డాలస్ వచ్చెయ్. స్టేట్ ట్యాక్స్ లేదు, పెద్ద ఇల్లు, మనవాళ్లంతా ఇక్కడే ఉన్నారు." అమెరికాలో ఉంటున్న తెలుగువాళ్లలో ఈ మాట విననివాళ్లు తక్కువ. మూడు ముక్కలూ నిజమే. కానీ అవే నమ్ముకుని న్యూజెర్సీ ఎడిసన్‌లోనో కాలిఫోర్నియా ఫ్రీమాంట్‌లోనో ఇల్లు ఖాళీ చేసి వెళ్లినవాళ్లలో కొందరికి బాగా కలిసొస్తుంది, కొందరికి ఏడాది తిరిగేసరికి చేతిలో మిగిలేది అంతంతమాత్రమే. అద్దెకుంటారా కొంటారా, వచ్చేది జీతమా స్టాకా, వీసా మీద ఉన్నారా గ్రీన్ కార్డ్ వచ్చిందా, పిల్లలు డేకేర్‌లోనా పదకొండో తరగతిలోనా అన్నది చెప్పకుండా "ఏ రాష్ట్రం మంచిదండీ?" అని అడిగితే, వచ్చే జవాబు చెప్పేవాళ్ల ఇంటికి సరిపోయేదే అయ్యుంటుంది.

మనవాళ్లు ఎక్కువగా తేల్చుకోలేక కొట్టుమిట్టాడేది టెక్సాస్, న్యూజెర్సీ, కాలిఫోర్నియా, వాషింగ్టన్, నార్త్ కరొలైనాల మధ్య. కాబట్టి వాటి గురించే ఎక్కువ చెబుతాను, అక్కడక్కడ జార్జియా వస్తుంది. అంకెలు 2025, 2026 నాటివి. రాష్ట్రాల చట్టసభలు ఏటా ఏదో ఒకటి మారుస్తూనే ఉంటాయి, సంతకం పెట్టే ముందు ఆ రాష్ట్ర పన్నుల శాఖ వెబ్‌సైట్ ఒకసారి చూసుకోండి.

రెండు లక్షల ఆదాయం, ఐదున్నర లక్షల ఇల్లు

భార్యాభర్తల జీతాలు కలిపి ఏడాదికి 2 లక్షల డాలర్లు, కొనే ఇల్లు 5.5 లక్షల డాలర్లు అనుకుని లెక్క వేద్దాం.

టెక్సాస్‌లో ఆదాయపు పన్ను సున్నా. 2019లో ఓటర్లు రాజ్యాంగ సవరణకు ఒప్పుకున్నారు కాబట్టి రేపెప్పుడో పెట్టడం కూడా అంత తేలిక కాదు. ప్రాపర్టీ ట్యాక్స్ మొత్తం 2 శాతం అనుకుంటే 11,000 డాలర్లు. స్కూల్ పన్నులో సొంతంగా ఉండే ఇంటికిచ్చే హోమ్‌స్టెడ్ మినహాయింపును 2025 నవంబరులో 1.40 లక్షల డాలర్లకు పెంచారు. స్కూల్ రేటు ఒక శాతం చొప్పున చూస్తే 1,400 తగ్గుతుంది. కట్టాల్సింది దాదాపు 9,600.

నార్త్ కరొలైనాలో 2026కి ఆదాయపు పన్ను అందరికీ ఒకే రేటు, 3.99 శాతం. దంపతులకు 25,500 స్టాండర్డ్ డిడక్షన్ పోగా సుమారు 6,960 డాలర్లు. రాలీ, కేరీ చుట్టుపక్కల ప్రాపర్టీ ట్యాక్స్ 0.85 శాతం అనుకుంటే 4,675. రెండూ కలిపి 11,600 పైచిలుకు. అంటే "పన్ను లేని" టెక్సాస్‌కీ "పన్ను ఉన్న" నార్త్ కరొలైనాకీ మధ్య తేడా ఏడాదికి రెండు వేలే. వడగళ్ల వానలకు డాలస్ చుట్టుపక్కల ఇళ్ల పైకప్పులు ఎన్నిసార్లు మారతాయో, అక్కడి ఇన్సూరెన్స్ ప్రీమియం ఎంతుంటుందో ఆరా తీస్తే ఆ రెండు వేలు కూడా కనపడకుండా పోవచ్చు.

న్యూజెర్సీలో అదే ఆదాయానికి రాష్ట్ర పన్ను ఎనిమిది వేల దగ్గర ఉంటుంది. ప్రాపర్టీ ట్యాక్స్ 2.2 శాతం చొప్పున 12,000. మొత్తం ఇరవై వేలు. రాష్ట్రం మొత్తం మీద సగటు ప్రాపర్టీ ట్యాక్స్ బిల్లే 2024లో పదివేల డాలర్లు దాటింది. దేశంలో అన్నిటికంటే ఎక్కువ. పైగా ఎడిసన్‌లో ఆ ధరకు వచ్చే ఇల్లు, ఫ్రిస్కోలో ఆ ధరకు వచ్చే ఇల్లు పక్కపక్కన పెట్టి చూస్తే నవ్వొస్తుంది.

కాలిఫోర్నియాలో ఆదాయపు పన్ను పదివేల పైన. దానికి తోడు ఎస్‌డీఐ (అనారోగ్య, ప్రసవ సెలవుల బీమా) అని జీతంలో కోత ఉంటుంది. 2024 నుంచి దానికి పరిమితి ఎత్తేశారు, 2026లో 1.3 శాతం. కాబట్టి ఇంకో 2,600. ఇక 5.5 లక్షలకు బే ఏరియాలో ఇల్లు అనే మాటే మర్చిపోండి, కాండో దొరికితే దొరకొచ్చు. 1978 నాటి ప్రపొజిషన్ 13 వల్ల మూల పన్ను కొన్న ధరలో ఒక శాతం, దాని మీద స్థానిక బాండ్ల భారం, ఆ విలువ ఏటా 2 శాతానికి మించి పెరగదు. పదిహేనేళ్ల కిందట కొన్నవాడు మహారాజు. అదే వీధిలో అలాంటి ఇల్లే నిన్న కొన్నవాడు అతని కంటే ఎన్నో రెట్లు ఎక్కువ కడతాడు.

ఈ లెక్కలో రెండు మెలికలున్నాయి. ఒకటి, రాష్ట్రానికి కట్టిన ఆదాయపు పన్ను, ప్రాపర్టీ ట్యాక్స్‌లను ఫెడరల్ పన్నులో చూపించుకునే పరిమితి 2018 నుంచి పదివేల డాలర్లే ఉండేది, 2025లో దాన్ని 40,000కి పెంచారు. ఆదాయం 5 లక్షలు దాటినవాళ్లకు అది తగ్గుతూ పోతుంది. ఇంటి లోను వడ్డీ కూడా ఉన్న న్యూజెర్సీ కుటుంబానికి దీనివల్ల ఫెడరల్ వైపు కొంత వెనక్కి వస్తుంది, పైన చెప్పిన తేడాలో రెండు వేలకు పైగా అక్కడే పూడిపోతుంది. మూడు నాలుగేళ్ల కిందటి పోలికలు ఇప్పుడు పనికిరావనడానికి ఇదే కారణం. రెండోది, హెచ్‌ఎస్‌ఏలో (వైద్య ఖర్చుల పొదుపు ఖాతాలో) దాచిన డబ్బుకు ఫెడరల్ మినహాయింపు ఉన్నా కాలిఫోర్నియా, న్యూజెర్సీ రెండూ దాన్ని గుర్తించవు, పన్ను వేస్తాయి.

అద్దెకుండేవాళ్ల కథ వేరు. టెక్సాస్ నిజంగా లాభించేది వాళ్లకే. ఆదాయపు పన్ను లేదు, ప్రాపర్టీ ట్యాక్స్ నేరుగా మీద పడదు, డాలస్‌లో అపార్ట్‌మెంట్లకు కొదవ లేదు. వచ్చిన మొదటి రెండేళ్లు బ్యాంకు ఖాతా చూసి సంబరపడతారు. ఆ సంబరంలోనే పెద్ద ఇల్లు కొంటారు. అక్కడి నుంచి టెక్సాస్ తన వాటా వసూలు చేసుకోవడం మొదలుపెడుతుంది.

రెండో ఏడాది వచ్చే ఎస్క్రో ఉత్తరం

ఎస్క్రో అంటే ఇంటి పన్ను, ఇన్సూరెన్స్ కోసం లోను ఇచ్చినవాళ్లు నెలనెలా మన దగ్గర పట్టుకునే సొమ్ము. దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే బిల్డర్ ఆఫీసులో దీన్ని ఎవరూ గట్టిగా చెప్పరు. టెక్సాస్‌లో ఆస్తి విలువ కట్టేది జనవరి 1 నాటి పరిస్థితిని బట్టి. మీ కొత్త ఇల్లు జూన్‌లో పూర్తయిందనుకోండి, జనవరి 1 నాటికి అక్కడున్నది ఖాళీ స్థలం. ఆ ఏడాది పన్ను స్థలానికే. స్థలం విలువ 1.20 లక్షలైతే 2 శాతం చొప్పున 2,400 డాలర్లు. లోను ఇచ్చినవాళ్లు ఆ అంకె చూసి ఎస్క్రోకి నెలకు 200 పట్టుకుంటే, పేమెంట్ చూసి "పర్లేదే" అనుకుంటారు. మరుసటి జనవరికి అక్కడ మొత్తం ఇల్లుంటుంది. పన్ను 9,600. నెలకు 800. అంటే నెలవారీ పేమెంట్ 600 పెరిగింది. ఊరుకోరు, ముందు ఏడాది తక్కువ పడిన సొమ్మును కూడా పన్నెండు నెలలకు పంచి కలుపుతారు. కొన్నప్పుడే పూర్తి విలువ మీద ఎస్క్రో వేయమని అడగండి, లేకపోతే ఆ తేడాను మీరే పక్కన పెట్టుకోండి.

పన్ను బిల్లు మీద స్కూల్ డిస్ట్రిక్ట్, కౌంటీ, సిటీ, కమ్యూనిటీ కాలేజీ అని వరసగా ఉంటాయి. ఊరి బయట కొత్త కాలనీలకు నీళ్లు, డ్రైనేజీ వేసిన మడ్ అనే జిల్లా పన్ను అదనం. కొన్నిచోట్ల రోడ్లు, పార్కుల్లాంటి వసతులకు పిడ్ అని ఇంకొకటి. సెలైనా, ప్రాస్పర్ వైపు ఒకే ధర ఉన్న రెండు ఇళ్లలో ఒకదానికి 1.9 శాతం, ఇంకోదానికి 2.7 శాతం పడటం వింతేమీ కాదు. ఇల్లు చూసేటప్పుడు కిచెన్ ఐలాండ్ పొడవు కంటే ముందు అడగాల్సింది ఈ మొత్తం రేటు.

హోమ్‌స్టెడ్ మినహాయింపుకు పౌరసత్వం అక్కర్లేదు, హెచ్‌1బీ మీద ఉన్నవాళ్లూ పెట్టుకోవచ్చు. అయితే డ్రైవింగ్ లైసెన్స్ మీద ఆ ఇంటి అడ్రసే ఉండాలి. అది ఉంటే పన్ను వేసే విలువ ఏటా 10 శాతానికి మించి పెరగదు. విలువ ఎక్కువ కట్టారనిపిస్తే మే 15లోపు ప్రొటెస్ట్ వేయాలి. మనవాళ్లు చాలామంది ఏటా వేస్తారు. వేసిన ప్రతిసారీ తగ్గకపోవచ్చు, వేయకపోతే మాత్రం తగ్గే ప్రసక్తే లేదు.

స్టాకు ఉన్నవాళ్లకు

వాషింగ్టన్‌లో జీతం మీద రాష్ట్ర పన్ను లేదు. ఆర్‌ఎస్‌యూలు (కంపెనీ ఇచ్చే షేర్లు) వెస్ట్ అయినప్పుడు, అంటే చేతికి అందినప్పుడు, వచ్చేది జీతం లెక్కే, దానికీ పన్ను లేదు. కానీ ఆ షేర్లు ఏళ్ల తరబడి ఉంచి పెద్ద మొత్తంలో అమ్మితే 7 శాతం క్యాపిటల్ గెయిన్స్ పన్ను ఉంది. 2025లో 2.78 లక్షల డాలర్ల లాభం దాకా మినహాయింపు, పదిలక్షలు దాటిన లాభానికి 9.9 శాతం. ఇల్లు అమ్మిన లాభానికి ఇది వర్తించదు. అక్కడే డబ్ల్యూఏ కేర్స్ (దీర్ఘకాల సంరక్షణ బీమా) అని జీతంలో 0.58 శాతం కోత ఉంటుంది. తాత్కాలిక ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్లకు దాన్నుంచి మినహాయింపు ఉంది. సియాటెల్‌లో సేల్స్ ట్యాక్స్ 10 శాతం పైనే. ఇంత పెట్టి కూడా బెల్వ్యూ, రెడ్‌మండ్ జీతాలకు అది లాభసాటి రాష్ట్రమే, ఇల్లు కొనగలిగితే.

కాలిఫోర్నియా నుంచి వెళ్లిపోయేవాళ్లు తెలుసుకోవాల్సింది ఇంకొకటి. అక్కడ పనిచేస్తున్నప్పుడు ఇచ్చిన ఆర్‌ఎస్‌యూలు మీరు టెక్సాస్ వెళ్లాక వెస్ట్ అయినా, గ్రాంట్ ఇచ్చిన రోజు నుంచి వెస్ట్ అయ్యేదాకా అక్కడ పనిచేసిన రోజుల వాటాకు కాలిఫోర్నియా పన్ను అడుగుతుంది. డిసెంబరులో ఇల్లు మారితే జనవరి వెస్టింగ్‌కు పన్ను ఉండదనుకోవడం వట్టి భ్రమ. జీతం తగ్గించే సంగతి కూడా ముందే తేల్చుకోండి. బే ఏరియా నుంచి చౌక ఊరికి మారితే అదే ఉద్యోగానికి జీతం సవరించే కంపెనీలు చాలానే ఉన్నాయి. పన్నులో మిగిలేది జీతంలో పోతే ఏం లాభం?

వీసా మీద ఉన్నవాళ్లకు పన్ను తర్వాతి మాట

"వర్క్ ఫ్రమ్ హోమే కదా, ఎక్కడ కూర్చుంటే ఏంటి?" అని లీజు రాసేసుకోవద్దు. హెచ్‌1బీలో పనిచేసే చోటు పిటిషన్‌లో భాగం. 2015లో ఇమిగ్రేషన్ శాఖ ఇచ్చిన సిమీయో నిర్ణయం తర్వాత, వేరే మెట్రో ప్రాంతానికి మారాలంటే కంపెనీ కొత్త ఎల్‌సీఏ (జీతం, పనిచేసే చోటు చూపే కార్మిక శాఖ పత్రం) తీసుకుని సవరించిన పిటిషన్ ముందే వేయాలి. ఇంట్లోంచి పనిచేసేవాళ్లకూ ఇదే. గ్రీన్ కార్డ్ పెర్మ్ దశలో (కార్మిక శాఖ ఆమోదం తీసుకునే మొదటి మెట్టులో) ఉన్నవాళ్లయితే చోటు మారితే పెర్మ్ మళ్లీ చేయాల్సి రావచ్చు. తర్వాతి మెట్టు ఐ-140 (కంపెనీ వేసే గ్రీన్ కార్డ్ పిటిషన్) అప్రూవ్ అయి ఉంటే ప్రయారిటీ డేట్, అంటే క్యూలో మీ స్థానం, నిలుస్తుంది కాబట్టి దెబ్బ అంత గట్టిగా తగలదు. ఇంకా ఆ దశకు రానివాళ్లు హెచ్ఆర్‌తో మాట్లాడాకే ప్యాకర్లను పిలవండి.

ఓపీటీ (చదువయ్యాక పనిచేసుకునే అనుమతి) మీద ఉన్న కుర్రాళ్లకు ఇటీవల ఇంకో లెక్క వచ్చి చేరింది. 2026 హెచ్‌1బీ లాటరీ నుంచి వేజ్ లెవల్ (ఆ ఊళ్లో ఆ పనికిచ్చే జీతాల మెట్టు) పెరిగేకొద్దీ అవకాశం పెరిగేలా నిబంధన మార్చారు. లెవల్ నాలుగుకు పేరు నాలుగుసార్లు వేసినట్టు, లెవల్ ఒకటికి ఒక్కసారి. ఈ లెవల్ ఊరిని బట్టి మారుతుంది. శాన్‌హోసేలో లెవల్ ఒకటిలో పడే జీతమే చౌక ఊళ్లో లెవల్ రెండో మూడో కావచ్చు. రెండు ఆఫర్లు చేతిలో ఉన్నప్పుడు అద్దెల కంటే ముందు చూడాల్సింది ఇదే.

లేఆఫ్ సంగతికి వద్దాం. హెచ్‌1బీ వాళ్లకు ఉద్యోగం పోయాక దొరికేది గరిష్ఠంగా 60 రోజుల గ్రేస్. ఆ గడియారం ఉద్యోగం ముగిసిన రోజు నుంచి తిరుగుతుంది కాబట్టి, ముగిసే ముందు ఎన్ని రోజుల నోటీసు వచ్చిందన్నది ప్రాణం. పెద్ద కంపెనీలు సామూహికంగా తీసేస్తే ఫెడరల్ చట్టం 60 రోజుల నోటీసు అడుగుతుంది. న్యూజెర్సీ 2023 నుంచి 90 రోజులు అడుగుతోంది. అంతేకాదు, వంద మందికి పైగా ఉన్న కంపెనీ యాభై మందికి పైగా తీసేస్తే, పనిచేసిన ప్రతి ఏడాదికి ఒక వారం జీతం తప్పనిసరిగా ఇవ్వాలి. ఆ అదనపు నెల రోజుల్లో ఇంకో స్పాన్సర్ దొరికితే, ఇన్నేళ్లు కట్టిన ప్రాపర్టీ ట్యాక్స్ మీద కోపం తగ్గుతుంది.

నాన్‌కాంపీట్ (మానేశాక పోటీ కంపెనీలో చేరకూడదనే) ఒప్పందాలు కాలిఫోర్నియాలో చెల్లవు. వేరే రాష్ట్రంలో సంతకం పెట్టి వచ్చినా చెల్లవని 2024 నుంచి అమల్లోకి వచ్చిన చట్టం చెబుతోంది. టెక్సాస్‌లో, నార్త్ కరొలైనాలో సహేతుకంగా ఉంటే కోర్టులు అమలు చేస్తాయి. దేశమంతటా రద్దు చేయాలని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ పెట్టిన నిబంధనను 2024 ఆగస్టులో డాలస్‌లోని ఫెడరల్ కోర్టే కొట్టేసింది. చిన్న కన్సల్టెన్సీలో చేరి, ఆరు నెలలకే క్లయింట్ ఫుల్‌టైమ్ ఇస్తానన్న సందర్భంలో ఈ తేడా చేతికి తగులుతుంది.

పిల్లల కాలేజీ

పిల్లలు ఎనిమిదో తరగతి దాటిన ఇంట్లో నన్నడిగితే పన్నుల పట్టిక పక్కన పెట్టి దీన్నే ముందు చూడమంటాను. ఏటా మిగిలే నాలుగు వేలు కాలేజీ ఫీజులో ఒక్క సెమిస్టర్‌కు చాలవు.

టెక్సాస్‌లో హైస్కూల్ ర్యాంకును బట్టి ప్రభుత్వ యూనివర్సిటీల్లో సీటు గ్యారంటీ చేసే చట్టం ఉంది. మామూలుగా పై పది శాతానికి. కానీ యూటీ ఆస్టిన్‌కు 6 శాతం ఉండేది, 2026 ఫాల్ అడ్మిషన్ల నుంచి 5 శాతం చేశారు. ఇప్పుడు ఫ్రిస్కోలోనో కొప్పెల్‌లోనో ప్లేనోలోనో మనవాళ్ల పిల్లలే తరగతి నిండా ఉన్న స్కూలును ఊహించుకోండి. అక్కడ పై 5 శాతంలోకి రావడమంటే ఏమిటో ఆ తల్లిదండ్రులనడగండి, ఫోన్ పెట్టేసేలోపు మీకే టెన్షన్ పట్టుకుంటుంది. అదే పిల్లవాడు పోటీ తక్కువున్న స్కూల్లో చదివితే తేలిగ్గా ఆ గీత దాటొచ్చు. "మంచి స్కూల్ డిస్ట్రిక్ట్" అని అదనంగా లక్ష పోసి కొన్న ఇల్లే ఆస్టిన్ సీటుకు అడ్డుపడటం టెక్సాస్‌లో మామూలే. పదకొండో తరగతిలో వచ్చి చేరే పిల్లలకు పాత స్కూలు మార్కులను ర్యాంకులో ఎలా కలుపుతారన్నది ఆ స్కూల్ డిస్ట్రిక్ట్ నియమం, ముందే కనుక్కోండి.

నార్త్ కరొలైనాలో చాపెల్ హిల్ క్యాంపస్‌కు బయటి రాష్ట్రాల ఫ్రెష్‌మెన్ 18 శాతానికి మించకూడదు. అంటే లోపల ఉన్నవాళ్లకు అది పెద్ద మేలు. జార్జియాలో 1993 నుంచి హోప్ స్కాలర్‌షిప్ ఉంది, 3.0 జీపీఏ ఉంటే ట్యూషన్‌లో పెద్ద భాగం రాష్ట్రం భరిస్తుంది. కానీ పౌరులకు, గ్రీన్ కార్డ్ వాళ్లకు మాత్రమే. హెచ్‌4 (హెచ్1బీ వాళ్ల కుటుంబ వీసా) పిల్లలకు రాదు. కమ్మింగ్, ఆల్ఫరెటా వైపు చూసే వీసా కుటుంబాలు ఈ ముక్క దగ్గర ఆగండి. కాలిఫోర్నియాలో యూసీ (యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా) క్యాంపస్‌లకు బయటివాళ్లు ట్యూషన్ మీద ఏడాదికి 30 వేల పైగా అదనం కట్టాలి. నివాసి హోదాకు అక్కడ ఏడాదికి పైగా ఉండాలి, టెక్సాస్‌లో పన్నెండు నెలలు. కాబట్టి పన్నెండో తరగతి మధ్యలో రాష్ట్రం మారడం అంత పనికిమాలిన పని ఇంకోటి ఉండదు. రెండు రాష్ట్రాల్లోనూ బయటివాళ్లుగా మిగిలిపోయే ప్రమాదం ఉంది. టెక్సాస్‌లో హెచ్‌4 పిల్లలు కూడా ఇన్‌స్టేట్ ఫీజుకు అర్హులే, అయితే 21 నిండి ఎఫ్‌1కి మారాల్సి వస్తే ఆ హోదా సంగతి మళ్లీ చూసుకోవాలి.

కడుపుతో ఉన్నప్పుడు, కాపురంలో తేడా వచ్చినప్పుడు

పిల్లల్ని కనాలనుకుంటున్న జంటలకు రెండు విషయాలు. బిడ్డ పుట్టాక జీతంతో సెలవు న్యూజెర్సీలో 12 వారాలు, వారం జీతంలో 85 శాతం దాకా ఒక పరిమితి లోపల. కాలిఫోర్నియాలో తల్లికీ తండ్రికీ ఎనిమిదేసి వారాలు, వాషింగ్టన్‌లో 12. తల్లి ప్రసవం నుంచి కోలుకునే సమయం దీనికి వేరు. టెక్సాస్, జార్జియా, నార్త్ కరొలైనాల్లో ప్రైవేటు ఉద్యోగులకు రాష్ట్రం నుంచి ఏమీ లేదు, కంపెనీ ఇస్తే ఉన్నట్టు. ఫెడరల్ చట్టం ఇచ్చే 12 వారాలు జీతం లేనివి, అవీ ఏడాది సర్వీసు నిండినవాళ్లకే.

రెండోది మనవాళ్లు పైకి మాట్లాడుకోరు. టెక్సాస్‌లో తల్లి ప్రాణానికి ముప్పు వంటి అత్యవసరాల్లో తప్ప గర్భస్రావం నిషిద్ధం, జార్జియాలో దాదాపు ఆరు వారాల తర్వాత, నార్త్ కరొలైనాలో 12 వారాల తర్వాత పరిమితులున్నాయి. ఈ చట్టాల మీద మీ అభిప్రాయం ఏదైనా కావచ్చు. గర్భం నిలవని, లేదా స్కానింగ్‌లో పిండంలో తీవ్రమైన లోపం తేలిన పరిస్థితి వస్తే డాక్టర్ ఏ రోజున ఏం చేయగలరన్నది మాత్రం రాష్ట్రాన్ని బట్టి మారుతుంది. ఐవీఎఫ్ లో ఉన్నవాళ్లు, ముప్పై అయిదు దాటినవాళ్లు దీన్ని తమ డాక్టర్‌తో మాట్లాడాకే నిర్ణయించుకోవాలి.

ఆస్తి చట్టం కూడా రాష్ట్రానిదే. టెక్సాస్, కాలిఫోర్నియా, వాషింగ్టన్ కమ్యూనిటీ ప్రాపర్టీ రాష్ట్రాలు. పెళ్లయ్యాక ఎవరి పేరు మీద సంపాదించినా ఇద్దరిదీ. హెచ్‌4 మీద ఇంట్లో ఉన్న భార్యకు ఇది పెద్ద రక్ష. ఇక్కడి జీతంతో శంకర్‌పల్లిలో బావమరిది చూసిపెట్టిన ప్లాటు కూడా లెక్కలోకి వస్తుంది, మర్చిపోవద్దు. న్యూజెర్సీ, నార్త్ కరొలైనాల్లో కోర్టు న్యాయంగా తోచినట్టు పంచుతుంది. మనోవర్తి దగ్గర మాత్రం టెక్సాస్ పీనాసి. సాధారణంగా పదేళ్ల కాపురం ఉండాలి, నెలకు 5,000 డాలర్లు లేదా ఎదుటివారి ఆదాయంలో 20 శాతం, ఏది తక్కువైతే అదే గరిష్ఠం.

పట్టికలో కనపడని ఖర్చులు

కరెంటు యూనిట్ టెక్సాస్‌లో చవక, యూనిట్లు ఎక్కువ. జూలైలో 3,500 చదరపుటడుగుల ఇల్లు చల్లబరచాలంటే మాటలా! కాలిఫోర్నియాలో యూనిట్ ధర చూస్తే కళ్లు తిరుగుతాయి, కానీ తీరానికి దగ్గరుంటే ఏసీ అవసరమే తక్కువ. డాలస్, హ్యూస్టన్‌లలో కరెంటు కంపెనీని మనమే ఎంచుకోవాలి. ఫిక్స్‌డ్ ప్లాన్ గడువు ముగిసిన నెల గమనించకపోతే బిల్లు ఎగిరి కూర్చుంటుంది. 2021 ఫిబ్రవరి మంచు తుపానులో అక్కడి గ్రిడ్ కుప్పకూలడం చూసినవాళ్లు ఇప్పటికీ చలికాలం ముందు బియ్యం, నీళ్లు, క్యాంపింగ్ స్టవ్ సర్దుకుంటారు.

అమ్మానాన్నలు ఆరేసి నెలలు వచ్చి ఉండే ఇళ్లు ఇంకొకటి చూడాలి. ఎడిసన్ ఓక్ ట్రీ రోడ్ దగ్గర అపార్ట్‌మెంట్‌లో ఉంటే నాన్నగారు పొద్దున్నే నడుచుకుంటూ వెళ్లి కొత్తిమీర, పేపరు కొనుక్కుని, ఇద్దరితో తెలుగులో మాట్లాడి వస్తారు. మంచి సబ్‌డివిజన్‌లో పావు ఎకరం స్థలంలో ఉన్న ఇంట్లో ఆయన కిటికీ దగ్గర కూర్చుని "ఎప్పుడొస్తావురా?" అని ఫోన్ చేస్తారు. కారు నడపనివాళ్లకు టెక్సాస్ శివార్లు జైలే. ఇద్దరికీ ఉద్యోగాలుంటే న్యూజెర్సీలో ఒక కారుతో, రైలు పాసుతో గడిచిపోయే ఇళ్లున్నాయి. రెండో కారు, దాని ఇన్సూరెన్స్ తీసేస్తే ప్రాపర్టీ ట్యాక్స్‌లో మంచి ముక్కే వెనక్కొస్తుంది. పెట్రోల్ మన చేత్తో కొట్టుకోవడాన్ని చట్టం ఒప్పుకోని ఒకే ఒక్క రాష్ట్రం కూడా అదే, చలికాలంలో కారు దిగకుండా కూర్చోవచ్చు.

నా మాటగా చెప్పమంటే ఇలా చెబుతాను. కొత్తగా పెళ్లయి, ఇద్దరూ వీసా మీద ఉండి, ఐ-140 ఇంకా రాకపోతే న్యూజెర్సీనో కాలిఫోర్నియానో వదిలి పరుగెత్తకండి. ఉద్యోగాల సాంద్రత, నోటీసు చట్టాలు, జీతంతో సెలవు ఆ దశలో పన్ను కంటే విలువైనవి. గ్రీన్ కార్డ్ వచ్చి, పిల్లలు ప్రైమరీలో ఉంటే నా ఓటు నార్త్ కరొలైనాకి: ఏ ఒక్క అంకెలోనూ మొదటి స్థానం రాదు, ఏ అంకెలోనూ నెత్తి మీద కొట్టదు. టెక్సాస్ ఎవరికంటే, జీతం బాగా ఎక్కువుండి ఇల్లు మితంగా కొనగలిగేవాళ్లకు. నాలుగు లక్షల ఆదాయం ఉండి ఐదు లక్షల ఇంట్లో ఉంటే అంతకంటే లాభం ఇంకెక్కడా లేదు. అదే జీతానికి పన్నెండు లక్షల ఇల్లు, పక్కన మడ్, పైన పిడ్ అయితే నార్త్ కరొలైనా వాళ్లతో సమానంగా కడుతూ "మాకు స్టేట్ ట్యాక్స్ లేదు" అని చెప్పుకోవడమే మిగులుతుంది. వాషింగ్టన్ స్టాకు ఉన్న ఇంజినీర్లకు, అదీ ఇల్లు ముందే కొనుక్కున్నవాళ్లకు.

వెళ్లడం ఖాయమైతే తేదీలు రాసి పెట్టుకోండి. టెక్సాస్‌లో కారు రిజిస్ట్రేషన్‌కు 30 రోజులు, లైసెన్స్‌కు 90 రోజులు గడువు. బయటి నుంచి తెచ్చిన కారుకు కొత్త నివాసి పన్ను 90 డాలర్లు. కాలిఫోర్నియాలో లైసెన్స్‌కు పదే రోజులు, కారుకు ఇరవై. న్యూజెర్సీ, నార్త్ కరొలైనాల్లో లైసెన్స్‌కు 60 రోజులు. జార్జియాకు కారు తీసుకెళ్తే దాని విలువలో 3 శాతం కట్టించుకుంటారు, రెండు మంచి కార్లున్న ఇంటికి అదే రెండు వేల పైమాట. హెచ్‌1బీ ఎక్స్‌టెన్షన్ పెండింగ్‌లో ఉన్నప్పుడు మారకుండా ఉండగలిగితే మేలు, కొత్త లైసెన్స్ గడువును చాలాచోట్ల వీసా హోదా గడువుకే ముడిపెడతారు. ఏడాది మధ్యలో మారితే రెండు రాష్ట్రాల్లోనూ పార్ట్ ఇయర్ రిటర్న్ వేయాలి కాబట్టి లీజు కాపీ, మూవర్స్ బిల్లు, పాత ఇంటి కరెంటు కనెక్షన్ తీయించిన కాగితం ఒక ఫైల్లో పడేయండి. ముఖ్యంగా కాలిఫోర్నియా వదిలి వెళ్లేవాళ్లు.